మందలిస్తే ఉలిక్కిపడొద్దు

“మీ సారు పొద్దున మార్కెట్ కాడ కనపడి మందలిచ్చిండు” అని కేసముద్రంలో ఒక రైతు నవ్వుతూ చెప్తే, గుడివాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమస్తా బిత్తరపోతాడు. చీవాట్లు తిన్న మనిషికి ఇంత సంబరమేమిటని అతని అనుమానం. ఇక్కడ మందలించడమంటే పలకరించడం. “ఏంది మందల?” అంటే ఏమిటి సంగతి అని. అదే మాట కోస్తాకు పోతే తిట్టు. ఇలాంటివి నాలుగు తగిలాక ఆ గుమస్తాకు ఒక సంగతి తెలిసొస్తుంది. బొత్తిగా తెలియని భాష ఉన్న ఊరికి వెళ్ళడం కంటే, తనదే అనుకున్న భాష వేరే తీరుగా ఉన్న ఊరికి రావడం చిక్కు. తమిళం రానివాడు మద్రాసులో అడిగి తెలుసుకుంటాడు. తెలుగు వచ్చినవాడు కేసముద్రంలో అడగడు. అర్థమైందనుకుని తలూపుతాడు.

కొత్త ప్రాంతంలో యాస నేర్చుకోవడం గురించి చాలామంది చాలా రాశారు. భాషాశాస్త్రజ్ఞులు పిల్లల నోళ్ళను ఏళ్ళ తరబడి విన్నారు, కవులు పోట్లాడారు, సినిమావాళ్ళు మొదట ఎగతాళి చేసి తర్వాత సొమ్ము చేసుకున్నారు. వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూడడానికి కేసముద్రం వంటి ఊరు మేలనిపిస్తుంది. హైదరాబాద్‌లో అందరి యాసా కలిసిపోయి ఎవరికి ఎవరు లొంగారో తెలియదు. ఇక్కడ తెలుస్తుంది.

ఊరి సంగతి కొంచెం. కాజీపేట నుంచి బెజవాడకు నిజాం కాలంలో, 1889 నాటికి, పూర్తయిన రైలు మార్గం మీద నెక్కొండ, ఇంటికన్నె దాటగానే కేసముద్రం. 2024 సెప్టెంబరు 1న వరదకు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్ళు ఆగినప్పుడు ఈ పేర్లు దేశమంతా విన్నది. పాత వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి మహబూబాబాద్ జిల్లా. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ జిల్లా కేంద్రాన్ని మానుకోట అనే అంటారు. పెద్ద వ్యవసాయ మార్కెట్ ఉంది. మిర్చి, మక్కలు, పత్తి, పసుపు, వడ్లు వస్తాయి. చుట్టూ లంబాడా తండాలు, తూర్పుకు పోతే కోయ పల్లెలు. పత్తి సాగు ఊపందుకున్న రోజుల్లో గుంటూరు వైపు నుంచి పాత వరంగల్ జిల్లాకు వచ్చి భూములు కొన్నవాళ్ళు, కౌలుకు తీసుకున్నవాళ్ళు ఉన్నారు. ఇంకో విశేషం: అదే 2016లో ఖమ్మం జిల్లా నుంచి గార్ల, బయ్యారం మండలాలు ఈ జిల్లాలో కలిశాయి. ఖమ్మం వైపు జరిగేకొద్దీ మాట కృష్ణా వైపు ఒరుగుతుంది. అంటే జిల్లా లోపలే రెండు యాసల అతుకు ఉంది. కొత్తగా వచ్చినవాడు ‘ఇక్కడి యాస’ అని ఒక ముద్దగా అనుకుంటే మొదటి అడుగులోనే తడబడతాడు.

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మండలాలుగా విడదీశాడు. విశాఖ, శ్రీకాకుళాల తూర్పు, రాయలసీమ నెల్లూరుల దక్షిణం, తెలంగాణ ఉత్తరం, కృష్ణా గుంటూరు గోదావరుల మధ్య మండలం. పటానికి ఇది బాగుంటుంది. ఆయన సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం ఇంకా మేలు. అందులో గీతలు కాదు, రైతులు తమ పనిముట్లకు, పొలాలకు, పనులకు పెట్టుకున్న పేర్లు ఉన్నాయి. చేనేత మీద ఇంకో సంపుటం 1971లో వచ్చింది. తెలంగాణ వైపు నుంచి రవ్వా శ్రీహరి నల్లగొండ ప్రజల భాష మీద పుస్తకం రాశాడు. ఇక్కడి పల్లె మాటలు మన కావ్యాల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో ఇంకో పుస్తకంలో చూపాడు. నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ కూర్చాడు. కొత్తవాడికి ఇవి పనికొస్తాయా అంటే, కొంతవరకే. మాటల పట్టికలు చేతికందుతాయి. వాక్యం ఎలా నడుస్తుందో, ఎవరితో ఏ మాట అనాలో అవి చెప్పవు. చిక్కంతా అక్కడే.

పేర్లు ఎవరికైనా వచ్చేస్తాయి. గేదె బర్రె అవుతుంది, ఉల్లిపాయ ఉల్లిగడ్డ, మొక్కజొన్న మక్కలు, చొక్కా అంగి, మెట్ట చెలక, బావి బాయి. సరుకు తూయరు, జోకుతారు. కూరగాయల బండి దగ్గర రెండు వారాలు నిలబడితే చాలు. కెనడాలో జె.కె. చేంబర్స్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1992లో అచ్చేసిన అధ్యయనం ఇదే చెప్తుంది. కెనడా నుంచి దక్షిణ ఇంగ్లండుకు కాపురం మార్చిన రెండు కుటుంబాల ఆరుగురు పిల్లల మాటను ఆయన పరిశీలించాడు. కొత్త పేర్లు ముందు వచ్చాయి, కొత్త ఉచ్చారణ వెనకబడింది. ఉచ్చారణలో కూడా తేలిక సూత్రాలు పట్టుబడ్డాయి, మెలికలున్నవి పట్టుబడలేదు. ఏడేళ్ళ లోపు వస్తే కొత్త యాస దాదాపు ఖాయంగా అబ్బుతుంది, పద్నాలుగు దాటితే దాదాపు అబ్బదు అని ఆయన తేల్చాడు. దానికి ముందే ఫిలడెల్ఫియా శివార్లలోని కింగ్ ఆఫ్ ప్రష్యా అనే చోట ఆర్విలా పేన్ ఇంకా విచిత్రమైన సంగతి పట్టుకుంది. అక్కడి ఒక అచ్చు పలికే తీరు అక్కడ పెరిగిన పిల్లలకు కూడా పూర్తిగా రాలేదు, తల్లిదండ్రులు ఆ ప్రాంతం వాళ్ళయితే తప్ప. ఊరు నేర్పేది కొంత, ఇల్లు నేర్పేది కొంత అన్నమాట.

ఇవి మన దగ్గర ఎంతవరకు నిలుస్తాయి? పేర్ల విషయంలో నిలుస్తాయి. కాని ఇంగ్లీషు యాసల మీద చేసిన పరిశీలనల్లో శబ్దానికి ఉన్నంత చోటు క్రియకు లేదు. తెలుగులో కొత్తవాడు బోల్తా పడేది క్రియ దగ్గర.

కేసముద్రం మార్కెట్ పక్క బ్యాంకులో ఒక రోజు అనుకోండి. అప్పు కిస్తీ గురించి అడిగితే రైతు అంటాడు: “ఈసారి కట్టలే సారు.” కోస్తా చెవికి అది ‘కట్టలేను’గా వినపడుతుంది. చేతకాదంటున్నాడు, మొండి బాకీ అని గుమస్తా రాసుకోబోతాడు. రైతు చెప్పింది ‘కట్టలేదు’ అని మాత్రమే. మిర్చి అమ్మితే వచ్చే వారం కడతాడు. చేతకాకపోతే వేరే తీరుగా చెప్తాడు, “నాతోటి కాదు సారు” అని. ఇంకొకాయన వచ్చి “నిన్న వచ్చిన” అంటాడు. వచ్చిన ఎవరు, వచ్చిన ఏమిటి అని గుమస్తా మిగతా సగం కోసం చూస్తుంటాడు. మిగతా సగం లేదు. వచ్చాను అని అర్థం. తిన్న, పోయిన, చేసిన, అన్నీ అంతే. “ఎటు పోతానవ్?” అంటే ఎటు పోతున్నావు అని. ఈ ‘తాన’ వరంగల్, కరీంనగర్ వైపు ముద్ర. “జర కూసోరాదు సారు” అని ఒక అవ్వ కుర్చీ చూపిస్తే, కూర్చోకూడదేమో అని నిలబడే ఉంటాడు. కూర్చోండి అని బతిమాలుతోంది ఆమె. నిజానికి ‘కూర్చోరాదూ’ అని గుడివాడలో ఇతని అమ్మమ్మ కూడా అనే ఉంటుంది. చివర సాగదీయకపోయేసరికి గుర్తుపట్టలేదు.

మాటకు రెండు రకాల వేషాలున్నాయి ఇక్కడ. చదువుకున్నవాళ్ళు ‘వస్త’ అంటే కొందరు ‘వత్త’ అంటారు. బడి పంతులు మాట, హమాలీ మాట, తండా నుంచి వచ్చిన నాయక్ మాట ఒకటి కావు. ఎవరి యాస నేర్చుకోవాలి అన్న ప్రశ్న కొత్తవాడికి తట్టదు గానీ, ఎవరి మధ్య కూర్చుంటే వాళ్ళదే అంటుకుంటుంది. ‘వత్త’ అనే అధికారిని ఊరు ముద్దుగా చూస్తుందో, వేళాకోళం చేస్తున్నాడనుకుంటుందో ముందే చెప్పలేం. ఆ మనిషి అంతకు ముందు ఏం చేశాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

అన్నిటికంటే లోతైన గొయ్యి ‘అండి’. కోస్తా మనిషికి మర్యాద అంటే అండి. వచ్చారాండీ, చెప్పండి, అవునండి. అది లేకుండా ఎవరైనా మాట్లాడితే చెంప మీద కొట్టినట్టుంటుంది. ఇక్కడ అండి అరుదు. మర్యాద వరస మాటలో ఉంటుంది: అన్నా, అక్కా, బాపూ, పెద్దబాపూ, చిన్నమ్మా, సారూ, పటేలా. పిలుపులో గౌరవం పెట్టాక క్రియలో ‘నువ్వు’ వాడితే తప్పులేదు. “అన్నా, నువ్వు చెప్పు” అంటే పూర్తి గౌరవం. తండ్రిని, తాతను కూడా నువ్వు అనే అంటారు. పరాయివాళ్ళకు, పెద్దలకు ‘రాండ్రి, కూసోండ్రి’ ఉంది, చాలినంత మన్నన అందులోనే ఉంది. ఇక ‘వే’. కోస్తాలో ‘రావే, పోవే’ అనేది చెల్లెలితోనో స్నేహితురాలితోనో, పెళ్ళాంతోనో. ఇక్కడ “అన్నా, ఎటు పోతానవే?” అని మగవాణ్ణి, అందులోనూ పెద్దవాణ్ణి, అడుగుతారు. అందులో చనువుంది, ప్రేముంది, కొంచెం బతిమాలుకోవడం ఉంది. మొదటిసారి విన్న కృష్ణా జిల్లా మనిషి ముఖం చూసి తీరాలి.

దీనికి ఎదురు వైపు కూడా ఉంది, దాని గురించి తక్కువ రాశారు. కొత్తగా వచ్చిన టీచరమ్మ రోజూ ‘అవునండీ, కాదండీ’ అంటుంటే, పక్కింటి అక్కకు అది గౌరవంలా తోచదు. దూరం పెట్టినట్టు తోస్తుంది. “ఏడాది ఆయె, ఇంక అండీ అండీ అంటాంది, మనం కలువలే అన్నట్టు” అనుకుంటుంది. ఆమె ‘అక్కా, నువ్వు చెప్పు’ అన్నరోజు తలుపు తెరుచుకుంటుంది. నా అంచనాలో కొత్త చోటికి వెళ్ళినవాళ్ళు ముందు నేర్వవలసింది ఇది. శబ్దం కాదు, పేర్లు కాదు. ఎవరిని ఏ వరసలో పిలవాలి, ఆ పిలుపు పక్కన ఏ క్రియ చెల్లుతుంది. నోరు ఎలాగూ మారదు, ముప్పై దాటినవాడికి చేంబర్స్ ఆశ కూడా పెట్టడం లేదు. వరస మాత్రం ఏ వయసులోనైనా మార్చుకోవచ్చు.

అయితే ఎందుకు మార్చుకోరు? ఇక్కడ భాషాశాస్త్రం ఆగి చరిత్ర మొదలవుతుంది. హవర్డ్ జైల్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1973లో ఒక మాట చెప్పాడు. మనిషి ఎవరి మెప్పు కోరతాడో వాళ్ళ మాట వైపు ఒరుగుతాడు, ఎవరితో తనకు పొసగదో వాళ్ళ మాట నుంచి దూరంగా జరుగుతాడు. సూత్రం సరైనదే. ఒక ప్రశ్న మిగులుతుంది: ఇద్దరిలో ముందు ఒరగవలసింది ఎవరు? ఇంగ్లండు వెళ్ళిన కెనడా పిల్లలు ఒరిగారు, ఎందుకంటే బడి నిండా ఇంగ్లండు పిల్లలే. కేసముద్రం వచ్చిన కోస్తా ఉద్యోగి తనతో పాటు పాఠ్యపుస్తకాన్ని, రేడియోను, పత్రికను తెచ్చుకున్నాడు. బదిలీ అయి వచ్చింది అతను. నేర్చుకోవలసి వచ్చింది ఊరికి.

1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉర్దూలో నడిచిన కచేరీలు, ఇదీ నిజాం రాజ్యంలో చదువు తీరు. తెలుగు ఇంటి భాష. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక బడుల్లో, కచేరీల్లో తెలుగు రావలసి వచ్చింది, తెలుగులో చదువు చెప్పేవాళ్ళు బయటి నుంచి వచ్చారు. స్థానికేతరులకు కొలువులెందుకని 1952లో వరంగల్‌లో మొదలైన ముల్కీ ఆందోళన హైదరాబాద్‌కు పాకి, సెప్టెంబరు మొదటి వారంలో పోలీసు కాల్పుల దాకా పోయింది. గొడవ ఉద్యోగాలదే, భాషది కాదు. కాని 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బడిలో పిల్లవాడు ‘వచ్చిన’ అని రాస్తే ఎర్రసిరా పడింది. ఇంట్లో అవ్వ నేర్పిన క్రియను తప్పు అన్న దిద్దుబాటుతో రెండు మూడు తరాలు చదువుకున్నాయి. ఈ వ్యాసం కూడా ఆ దిద్దిన భాషలోనే నడుస్తోందని పాఠకులు గమనించే ఉంటారు. ఆ చదువు వల్లే ఇక్కడివాళ్ళకు రెండు యాసలూ వచ్చు. ఆఫీసులో ఒకటి, అరుగు మీద ఒకటి. కొత్తగా వచ్చినవాడికి ఒకటే వచ్చు, పైగా ఇంకొకటి ఉందన్న ఊహే ఉండదు, ఎందుకంటే అతని ఎదుట అందరూ అతని భాషే మాట్లాడతారు. ఇరవై ఏళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ‘మాకు భాషతో ఏ ఇబ్బందీ రాలేదండీ’ అంటారు. నిజమే. ఇబ్బంది పడింది వాళ్ళు కాదు.

ఈ దిద్దుబాటు మీద కలం ఎత్తినవాళ్ళలో పెద్ద పేరు కాళోజీ నారాయణరావు. ఏవో రెండు మూడు జిల్లాల మాట అందరి భాషగా చెలామణి కావడమేమిటని జీవితాంతం నిలదీశాడు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9 ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం. మన ప్రశ్నకు పనికొచ్చేది ఆయన పుట్టుక. 1914లో కర్ణాటకలోని రట్టిహళ్ళిలో పుట్టాడు, తల్లి కన్నడిగ, తండ్రి మహారాష్ట్రుడు. వరంగల్ పక్కన మడికొండలో పెరిగి, ఓరుగల్లు మాటకే వకాల్తా పుచ్చుకున్నాడు. ఆ యాసకు ఇంత గట్టి నోరిచ్చిన మనిషికి అది తల్లి నేర్పిన భాష కాదు. పేన్ సూత్రం ఇక్కడ చిన్నబోతుంది. లేదా అచ్చులకు వర్తించే సూత్రం మనసుకు వర్తించదనుకోవాలి.

కథల్లో ఈ మాటకు చోటిచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. కేసముద్రానికి ఎక్కువ దూరం లేని చినగూడూరులో 1928లో పుట్టిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో పాత్రల చేత తెలంగాణ మాటే మాట్లాడించాడు. పాలమూరు పల్లె నుంచి పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ చెప్పింది. కొత్త ప్రాంతానికి వచ్చినవాడు నిఘంటువు కొనే ముందు వీటిని పైకి చదువుకుంటే మేలు. వాక్యం ఎక్కడ విరుగుతుందో, ‘గట్ల’, ‘గిట్ల’ ఏ చోట పడతాయో పట్టిక చూస్తే తెలియదు, కథ చదివితే తెలుస్తుంది.

సినిమా చేసిన చెడుపు గురించి ఒక్కమాట. దశాబ్దాల పాటు తెలంగాణ మాట వెండితెర మీద రౌడీకీ హాస్యగాడికీ దక్కింది, కథానాయకుడు కృష్ణా తీరం యాసలో మాట్లాడాడు. కొత్తవాడు ఉత్సాహపడి రెండో నెలలోనే ‘ఏందన్నా, గట్లనా’ అని మొదలుపెడితే ఇక్కడివాళ్ళ నవ్వు సగంలో ఆగిపోవడానికి కారణం అదే. నేర్చుకుంటున్నాడా, నటిస్తున్నాడా? ఆ సినిమాలన్నీ చూసిన చెవి ముందు రెండోదే అనుకుంటుంది. అందుకని తొందరపడి యాస పెట్టుకోవడం కంటే, తన మాట తాను మాట్లాడుతూ ఎదుటివాళ్ళ మాట పూర్తిగా అర్థం చేసుకోవడమే మొదటి ఏడాదికి చాలు. యాస దానంతట అది వస్తే రానివ్వాలి. తర్వాత తెర మీద గాలి మారింది. టీవీలో తీన్మార్ వార్తలు ఈ మాటలోనే నడిచాయి. 2017లో ‘ఫిదా’ సినిమాకు తమిళనాడు పిల్ల సాయి పల్లవి బాన్సువాడ అమ్మాయిగా తెలంగాణ మాట నేర్చుకుని సొంత గొంతుతో చెప్పింది, జనం మెచ్చుకున్నారు. ఆమెకు తెలుగే కొత్త. దిద్దుకోవలసిన పాత తెలుగు నోట్లో లేదు. అది ఆమెకు అడ్డం కాలేదు, సాయమే అయింది.

ఈ సంగతి కేసముద్రం మార్కెట్‌లో, మిల్లుల్లో రోజూ కనపడుతుంది. తెలంగాణ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ హమాలీలు ఇప్పుడు మామూలైపోయారు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్ళు లేక మిల్లులు ఆగిపోతాయని ప్రత్యేక రైలు పెట్టి రప్పించారు కూడా. వాళ్ళ నోట వచ్చే మొదటి తెలుగు ‘బస్త ఎత్తు’, ‘జల్ది రా’, ‘పైసల్ ఇయ్యలే’. పుస్తకం తెలుగు వాళ్ళకు ఎప్పుడూ తగలలేదు కనుక నేరుగా ఊరి తెలుగే పట్టుకుంటారు. పైగా జల్ది, పైసలు, జర, పరేషాన్, దవాఖాన వాళ్ళకు కొత్తవి కావు. హిందుస్తానీ పొత్తు ఉన్న యాస కావడంతో గుంటూరు కంటే వరంగల్ వాళ్ళకు దగ్గర. తండాల సంగతి ఇంకా పాతది. లంబాడా పిల్లలు ఇంట్లో గోర్ బోలీ, బజారులో ఊరి తెలుగు, బడిలో పుస్తకం తెలుగు. మూడు మెట్లు. కొత్త యాస నేర్చుకోవడం గురించి ఎవరినైనా అడగాలంటే నేను వాళ్ళనే అడుగుతాను, బదిలీ ఉద్యోగుల్ని కాదు.

ఇదే రైలు మార్గంలో మానుకోట దాటాక డోర్నకల్. 1909లో తిరునల్వేలి నుంచి వి.ఎస్. అజరయ్య అనే తమిళ క్రైస్తవ బోధకుడు అక్కడ దిగాడు. అప్పటికి వయసు ముప్పై అయిదు. తెలుగు నేర్చుకుని, చుట్టుపక్కల పేద పల్లెల్లో తెలుగులోనే బోధించాడు. 1912లో డోర్నకల్ బిషప్పయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి ఎక్కిన మొదటి భారతీయుడు. ఆ పల్లెల్లోవాళ్ళు ఎలా మాట్లాడితే అదే ఆయనకు తెలుగు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చిందీ ఇలాగే, సవరలతో కూర్చుని. ఆయన పుట్టిన ఆగస్టు 29 ఒక భాషా దినోత్సవం, కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9 ఇంకొకటి. మధ్య పదకొండు రోజులు. రెండు రోజులూ జనం మాటకే దండ వేస్తాయి గానీ, రెండు రాష్ట్రాలు వేరువేరుగా చేసుకుంటాయి.

అసలు ఒరగనివాళ్ళ ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కోస్తా రైతులు నిజామాబాద్ వైపు వచ్చి కట్టుకున్న ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులంటారు. గుంపుగా వచ్చి గుంపుగా ఉన్నారు, భూమి ఉంది, పెళ్ళిళ్ళు వాళ్ళలో వాళ్ళకే. అవసరం లేనిచోట నోరు తిరగదు. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. భివండిలో తెలుగు పద్మశాలీలు మరాఠీ దేశంలో తెలుగు నిలుపుకున్నదీ ఇలాంటి గుంపు బలంతోనే, దాన్ని మనం మెచ్చుకుంటాం.

యాస రాకపోయినా బతుకు గడిచే కొలువులున్నాయి, గడవని కొలువులున్నాయి. రెవెన్యూ కచేరీలో గడవదు. ఇక్కడ భూమిని సెంట్లలో చెప్పరు. ఎకరానికి నలభై గుంటలు, అంటే గుంట రెండున్నర సెంట్లు. అడంగల్ అని అడిగితే ఎవరికీ తెలియదు, పహాణీ అనాలి. కరణం బదులు పట్వారీ, పాత కాగితాల్లో గిర్దావరు. ఈ ఫారసీ, హిందుస్తానీ మాటల కోసం సి.పి. బ్రౌన్ 1854లోనే మిశ్రభాషా నిఘంటువు విడిగా అచ్చేశాడు. కచేరీలో పనిచేసే దొరకు శుద్ధ తెలుగు నిఘంటువు చాలదని కడపలో కొలువు చేసిన ఆ మనిషికి తెలుసు. మార్కెట్ యార్డులో కూడా గడవదు. అడ్తిదారు ఎవరు, దడువాయి ఎవరు, కాంటా ఎప్పుడు, ధర ఎవరు పాడారు అన్నది గబగబా నడిచే మాటల్లో తేలిపోతుంది, “ఏమన్నారండీ?” అని అడిగేలోపు ఇంకో కుప్ప దగ్గరికి పోతారు.

అసలు గడవనిది దవాఖానలో. పెయ్యి అంటే ఒళ్ళు. “పెయ్యంత కాలుతాంది” అంటే జ్వరంతో ఒళ్ళు కాలిపోతోందని. కోస్తాలో పెయ్య ఆడదూడ. బొక్క అంటే ఎముక. “బొక్క ఇరిగింది” అన్న మాట విని గుంటూరు డాక్టరు ఏ కన్నం సంగతో అనుకుంటాడు. “దమ్మొస్తాంది” అంటే ఆయాసం, అది విన్న వెంటనే లేచి నిలబడాలి. “కాళ్ళు గుంజుతానయ్” అంటే పీకుడు నొప్పి. “పాణం మంచిగ లేదు” అంటే ప్రాణం మీదికి వచ్చిందని కాదు, ఒంట్లో బాగాలేదని మాత్రమే. అయితే ఒక ముసలాయన ఆ మాట నెమ్మదిగా, ఇంట్లోవాళ్ళ ముఖం చూడకుండా చెప్తే నిజంగా ప్రాణం మీదికి వచ్చిందనే. ఆ తేడా ఏ పదకోశంలోనూ దొరకదు.

మహబూబాబాద్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అఖిల భారత కోటాలో రాష్ట్రం బయటి పిల్లలు వస్తారు, రాష్ట్రంలోని ఇతర జిల్లాల వాళ్ళూ వస్తారు. 2019 నుంచి అమల్లో ఉన్న కొత్త వైద్యవిద్యా ప్రణాళికలో మొదట్లో పెట్టే పునాది తరగతుల్లోనే స్థానిక భాష నేర్పాలని ఉంది. మంచి నియమం. కాని ఏ తెలుగు నేర్పాలో ప్రణాళిక చెప్పదు. శరీరం, ఎముక, ఆయాసం నేర్చుకుని వార్డులోకి వెళ్ళిన రాజస్థాన్ కుర్రాడికి ఎదురయ్యేది పెయ్యి, బొక్క, దమ్ము. హైదరాబాద్ ఇంగ్లీషు మీడియం పిల్లకూ అంతే. అప్పుడు పక్కనున్న ఆయా, “దమ్మంటే ఊపిరాడ్తలేదట సారు, రాత్రి నుంచట” అని విడమర్చి చెప్తుంది. పునాది తరగతికి పాఠం రాసేవాళ్ళు పదకోశాలతో పాటు ఆమెను కూడా పిలిచి ఒక పూట కూర్చోబెట్టుకుంటే, ఆ పాఠంలో మొదటి పేజీకి కావలసిన యాభై మాటలు మధ్యాహ్నం లోపే తయారవుతాయి.